తెల్ల యూనిఫాం ఉంచాలా, స్క్రబ్స్‌కి మారాలా? వార్డు పని తెలిసినవాళ్లు చెప్పండి

రెండో_షిఫ్ట్
ఏ ఆసుపత్రిలో ఈ మాట ఎత్తినా రెండు జట్లు తయారవుతున్నాయి. సీనియర్లు "తెలుపు పోతే నర్సుకు విలువ పోతుంది" అంటారు. కొత్తగా చేరినవాళ్లు "స్క్రబ్స్ (వీ-నెక్ వదులు చొక్కా, ప్యాంటు) ఇవ్వండి చాలు" అంటారు. యూనిఫాం కమిటీలో సాయంత్రం దాకా ఈ రెండు మాటలే తిరుగుతుంటాయి. అందుకే ఈ చర్చ పెడుతున్నాను. సొంత కథలు వద్దు. బట్ట ఏది, ఉతుకు ఎలా, పేషెంట్ గుర్తుపట్టేదెలా, ఎక్కడ తేడా కొడుతుంది, అవి రాయండి. చీర, సల్వార్-కోటు, ప్యాంటు-షర్టు, మూడూ తెలుపు కిందే లెక్క.

పాతకాలం_సిస్టర్
తెలుపు తరఫున మొదట నేనే మాట్లాడతాను. తెల్లబట్ట అబద్ధం చెప్పదు. రక్తం చుక్క పడినా, చీము అంటినా, కఫం చింది పడినా వెంటనే కనిపిస్తుంది, వెంటనే మార్చుకుంటాం. ముదురు నీలం మీద అదే చుక్క ఆరిపోయి షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉంటుంది, ఆ బట్టతోనే పది మంచాలు తిరుగుతాం. రెండోది, తెల్ల నూలుబట్టను ఉడకబెట్టొచ్చు, బ్లీచ్ చేయొచ్చు, రంగు పోతుందన్న దిగులు లేదు. మూడోది గుర్తింపు. పల్లె నుంచి వచ్చిన ముసలావిడ బోర్డులు చదవదు, తెల్లచీర చూసి "సిస్టరమ్మా" అని పిలుస్తుంది. ఆ పిలుపు ఒక్కటి చాలు, మంచం దిగబోయే మనిషిని ఆపడానికి.

థియేటర్_బ్రదర్
సిస్టర్ గారూ, మొదటి మాట ఒప్పుకుంటాను. కానీ తెలుపు ఏదో అనాదిగా వస్తున్న ఆచారం అన్నట్టు మాట్లాడతారు చాలామంది, అది నిజం కాదు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి దగ్గర ఫ్లోరెన్స్ నైటింగేల్ పెట్టిన స్కూలులో నర్సులు వేసుకున్నది ముదురు గౌను, దాని మీద తెల్ల ఏప్రన్, తల మీద టోపీ. సూక్ష్మక్రిముల సంగతి తెలిశాకే ఒళ్లంతా తెలుపు అయింది.

ఆపరేషన్ థియేటర్‌లో తెలుపు పోవడానికి కారణం వేరు. ఎర్రటి కండ, రక్తం కేసి చాలాసేపు చూసి తలెత్తి తెల్లగుడ్డ చూస్తే ఆకుపచ్చ నీడలు కదులుతాయి. పైగా పెద్ద లైటు కింద తెలుపు కళ్లలో కొడుతుంది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో సర్జన్ హ్యారీ షెర్మన్ తన థియేటర్‌ని పాలకూర రంగుకు మార్చింది ఇందుకే. ఎరుపుకు ఎదురు రంగు ఆకుపచ్చ కాబట్టి ఆ నీడలు అందులో కలిసిపోతాయి. ఇది వార్డుకు వర్తించదు. జనరల్ వార్డులో ఎవరూ గంటల తరబడి రక్తం కేసి చూస్తూ కూర్చోరు. కాబట్టి "థియేటర్‌లో పచ్చ వేస్తున్నారుగా, వార్డులోనూ వేద్దాం" అన్న వాదన కమిటీలో పెట్టకండి, నిలబడదు.

ఇంకోటి. థియేటర్ స్క్రబ్స్ వేరు, వార్డు స్క్రబ్స్ వేరు. థియేటర్‌వి అక్కడే తొడుక్కుని అక్కడే విప్పి, ఆసుపత్రి లాండ్రీకే పోవాలి. రెండింటికీ ఒకే రంగు పెడితే ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలియదు. క్యాంటీన్‌లో పచ్చ స్క్రబ్స్‌తో టీ తాగేవాళ్లను ఆపేదెవరు?

ఐసీయూ_మంచం_7
పని సంగతికొద్దాం. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్‌లో చేతులు మోచేతుల దగ్గర వంగకుండా, భుజాలు పేషెంట్ ఛాతీకి నిట్టనిలువుగా పైన ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. మంచం ఎత్తుగా ఉంటే స్టూలెక్కాలి. ఐదున్నర మీటర్ల చీర కుచ్చెళ్లతో స్టూలెక్కి చూడండి. పమిటకు రెండు పిన్నులు పెట్టినా వంగినప్పుడు జారేది పేషెంట్ మీదికే. సల్వార్-కోటు కొంత నయం, కానీ పక్క చీలిక పొట్టిగా కుడితే మోకాలు మంచం మీద పెట్టడానికి రాదు.

చీరలో ఒక మంచి కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. జాకెట్ చేతులు పొట్టివి. మోచేతి కింద బట్ట లేకపోతే చేతులు మణికట్టు దాకా సరిగ్గా కడుక్కోవచ్చు. తెల్ల యూనిఫాం మీద ఏసీ చలికి ఫుల్‌హ్యాండ్స్ స్వెట్టర్ వేసుకున్నారంటే ఆ లాభం అంతా పోయినట్టే. ఆ స్వెట్టర్ ఎన్నాళ్లకోసారి ఉతుకుతారో మనందరికీ తెలుసు. స్క్రబ్స్ ఇచ్చినా ఇదే గొడవ. లోపల వేసుకునే పొట్టిచేతుల మందపాటి బనియన్ కూడా సెట్టులో భాగంగా ఇవ్వాలి.

కార్డిఫ్_తెలుగు
బ్రిటన్‌లో, మొదట ఇంగ్లండ్‌లో, 2007లో ప్రకటించిన నియమం ఇదే: మోచేతి కింద బట్ట, వాచీ, గాజు ఏదీ ఉండకూడదు. వాచీ ఛాతీ దగ్గర తగిలించుకోవాలి. తెలుపా రంగా అన్న గొడవ ఇక్కడ ఎప్పుడో అయిపోయింది. బ్రిటన్‌లో భాగమైన ఈ వేల్స్‌లో 2010లో అంతటా ఒకే పద్ధతి పెట్టారు, నర్సులకు నీలం ఛాయలు, వార్డు సిస్టర్‌కు ముదురు నీలం. ఏ ఆసుపత్రికి వెళ్లినా అదే రంగు కాబట్టి జనానికి అలవాటైంది. మన దగ్గర ఒక్కో ఆసుపత్రి ఒక్కో రంగు ఎంచుకుంటుంది, చిక్కంతా అక్కడే.

ఉతుకు లెక్క కూడా రాస్తాను. ఆసుపత్రి లాండ్రీ అయితే నీళ్లు 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, లేదా 71 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు నిలవాలి. ఇంట్లో ఉతికితే 60 డిగ్రీలు, 10 నిమిషాలు. మెషిన్ నిండా కుక్కకూడదు, ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకూడదు.

పాతకాలం_సిస్టర్
> 60 డిగ్రీలు, 10 నిమిషాలు

మన ఇళ్లలో చాలావరకు టాప్ లోడ్ మెషిన్లే. వాటిలో చాలావాటికి హీటరే ఉండదు. కొళాయి నీళ్లతోనే ఉతుకుతాయి.

కార్డిఫ్_తెలుగు
నిజమే అక్కా. అలాంటప్పుడు విడిగా వేడినీళ్లలో నానబెట్టాలి. తర్వాత ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరబెట్టి, బట్ట తట్టుకునేంత వేడితో ఇస్త్రీ చేయాలి. ఇది 60 డిగ్రీల ఉతుకుకు పూర్తిగా సమానం కాదు, కానీ చల్లనీళ్ల ఉతుకు, నీడన ఆరబెట్టడం కన్నా చాలా మేలు. అసలు పని మాత్రం ఆసుపత్రి చేయాల్సిందే.

నీలిమందు
మరకల మీద తప్పుడు సలహాలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. వరసగా చెబుతాను.

రక్తం: చల్లనీళ్లు. వేడినీళ్లు పోస్తే రక్తంలోని ప్రోటీన్ గుడ్డు ఉడికినట్టు గడ్డకట్టి నూలులో దిగిపోతుంది. ముందు కొళాయి కింద బట్ట వెనకవైపు నుంచి నీళ్లు పోనివ్వాలి, మరక వచ్చిన దారినే బయటికి పోతుంది. మిగిలినదాని మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి నురగ ఆగేదాకా ఉంచి కడగాలి. రంగు బట్టయితే ముందు లోపలి కుట్టు మీద ఒక చుక్క వేసి చూడండి. వేడి ఉతుకు ఆఖరున.

బీటాడిన్ (అయోడిన్ ఉన్న పుండ్ల మందు): తాజాగా ఉంటే నీళ్లతోనే చాలా వరకు పోతుంది. అయితే గంజి పెట్టిన తెల్లచీర మీద పడితే గోధుమరంగు కాదు, నల్లటి నీలం అవుతుంది. గంజి, అయోడిన్ కలిస్తే వచ్చే రంగు అది, బడిలో బంగాళదుంప ముక్క మీద చేసిన ప్రయోగమే. భయపడక్కర్లేదు. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్ల పొడి చేసి 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి పోయండి, కళ్ల ముందే తెల్లబడుతుంది. రంగు మందు కలిపిన చప్పరించే బిళ్ల మాత్రం వద్దు.

క్లోర్‌హెక్సిడిన్ (చర్మం మీది క్రిములను చంపే మందు): దీని గురించే అందరూ వినాలి. ఇది బట్టకు అంటితే కంటికి కనిపించదు. ఇంటికెళ్లి తెల్లకోటును బ్లీచ్‌లో వేస్తే గోధుమరంగు మచ్చలు లేస్తాయి. అవి ఇక పోవు. "మంచి బ్లీచ్ కాదు" అని ఇంకాస్త పోస్తారు, ఇంకా ముదురుతాయి. క్లోర్‌హెక్సిడిన్, క్లోరిన్ కలిస్తే జరిగేది అంతే. అది వాడే వార్డుల బట్టలకు క్లోరిన్ బ్లీచ్ పూర్తిగా మానేసి, ఆక్సిజన్ బ్లీచ్ అంటే సోడియం పర్‌కార్బనేట్ వాడాలి. అది గోరువెచ్చని నీళ్లకన్నా వేడి ఉంటేనే బాగా పని చేస్తుంది.

బోరు నీళ్లు: ఇనుము ఉన్న నీళ్లలో బ్లీచ్ పోస్తే ఆ ఇనుము తుప్పుగా మారి బట్టంతా పసుపెక్కుతుంది. నీలిమందు పెడితే పైకి తెల్లగా కనిపిస్తుందే గానీ తుప్పు లోపలే ఉంటుంది. తెలుపు మన దగ్గర రెండేళ్లకే పాలిపోవడానికి సగం కారణం నీళ్లే, నర్సు అశ్రద్ధ కాదు.

రెండో_షిఫ్ట్
క్లోర్‌హెక్సిడిన్ తగలని తెల్లబట్టకు బ్లీచ్ ఎంత కలపాలి? ఒక్కొక్కరు ఒక్కో మూత లెక్క చెబుతున్నారు.

నీలిమందు
మూతల లెక్క వద్దు. సీసా మీద శాతం చూడండి. 4 శాతం హైపోక్లోరైట్ అయితే 25 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్లతో ఒక లీటరు చేస్తే 0.1 శాతం అవుతుంది. 5 శాతం అయితే 20 మిల్లీలీటర్లు. పది, పదిహేను నిమిషాలు చాలు, రాత్రంతా నానబెడితే నూలు చివికిపోతుంది. ముందు సబ్బుతో మురికి వదిలించాలి, మురికి ఉంటే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. వార్డులో నేల మీది రక్తానికి వాడే 1 శాతం ద్రావణాన్ని బట్టలకు వాడకండి. మూత్రంతో తడిసినవాటిని నీళ్లలో జాడించకుండా బ్లీచ్‌లో వేయకండి, ఘాటైన గ్యాసు వస్తుంది. నిమ్మరసం, వెనిగర్, టాయిలెట్ క్లీనర్ అసలే కలపకూడదు. ఎండలో ఉంచిన పాత సీసాలో బలం ఉండదు.

కుట్టుమిషన్
బట్ట సంగతి నాకు వదలండి. కమిటీలు రంగు పలకలు చూసి మురిసిపోతాయి, బట్ట మడత తిప్పి చూడరు.

నూరు శాతం నూలు ఒంటికి హాయి, చెమట పీలుస్తుంది, వేడిని తట్టుకుంటుంది. కానీ నలుగుతుంది, వానాకాలంలో ఆరదు, మొదటి రెండు ఉతుకుల్లో ముడుచుకుంటుంది. కత్తిరించేముందు తానును నీళ్లలో నానబెట్టి ఆరేయకపోతే ప్యాంటు చీలమండ పైకి వస్తుంది. పాలిస్టర్ 65, కాటన్ 35 కలిసిన టెరికాట్ మన వాతావరణానికి రాజీ. 170 నుంచి 190 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) మందం తీసుకోండి. 140 కింద అయితే తెలుపులో లోపలి బట్ట కనిపిస్తుంది, 220 దాటితే మే నెలలో బెజవాడలో వేసుకోలేరు. ఆన్‌లైన్‌లో అమ్మే సాగే స్క్రబ్స్‌లో స్పాండెక్స్ ఉంటుంది. చూడ్డానికి బాగుంటాయి గానీ క్లోరిన్‌కీ, లాండ్రీ వేడికీ సాగుడు పోయి మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడతాయి. అంటే బట్ట ఎంచుకున్నప్పుడే ఉతుకు కూడా ఎంచుకున్నట్టు. ఈ రెండిటినీ వేరువేరు కమిటీలకు ఇవ్వకండి.

58 అంగుళాల పన్నా అయితే మామూలు కొలతకు సెట్టుకు సుమారు 3 మీటర్లు. 44 పన్నా అయితే 4 దాటుతుంది. వీ-నెక్ లోతు తగ్గించమని టైలర్‌కు గట్టిగా చెప్పండి, పేషెంట్ మీదికి వంగినప్పుడు తెరుచుకునే మెడ ఎవరికీ సుఖం కాదు. లోపల ఒక ప్రెస్ బటన్ పెడితే సరిపోతుంది. నడుముకు ఎలాస్టిక్ ఒక్కటే అయితే జేబులో ఫోను, కత్తెర, టేపు బరువుకు ప్యాంటు జారుతుంది. ఎలాస్టిక్‌తో పాటు నాడా ఉండాలి. జేబు మూలలకు అడ్డకుట్టు వేయించండి, చిరిగేది ఎప్పుడూ అక్కడే.

థియేటర్_బ్రదర్
రంగు మీద కూడా ఒక మాట చెప్పండి.

కుట్టుమిషన్
లేత బూడిద, లేత నీలం చెమటను పెద్ద అక్షరాలతో చూపిస్తాయి. మెరూన్ రక్తాన్ని దాచేస్తుంది, అందుకే కాన్పుల వార్డుకు ఆ రంగు అడిగితే నేనైతే ఒప్పుకోను, మరక కనిపించకపోతే మార్చుకోరు. ముదురు నీలం, ముదురు పచ్చ మీద బ్లీచ్ చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తాయి. మధ్యస్థ నీలం, సముద్రపు పచ్చ పర్వాలేదు. కొనేముందు ముక్క తెచ్చుకుని తడిపి తెల్లగుడ్డతో రుద్దండి, రంగు వదులుతుందో లేదో తెలుస్తుంది. 0.1 శాతం బ్లీచ్ చుక్క వేసి పావుగంట ఆగి చూడండి.

వరంగల్_వార్డు
అన్నీ మంచిగనే చెప్పిన్రు గని పేషెంట్ సంగతి మర్సిపోయిన్రు. స్క్రబ్స్ వేస్కున్నంక ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే పిల్లగాడు, డయాలసిస్‌ల పనిచేసేటోళ్లు, నర్సు, జూనియర్ డాక్టర్, అందరు ఒక్క తీర్గనే కనబడ్తరు. మగ నర్సును సూస్తే ఎట్లాగు "డాక్టర్ సాబ్" అంటరు, ఆడ డాక్టర్‌ను సూస్తే "సిస్టర్" అంటరు. స్క్రబ్స్ ఈ గడబిడను తగ్గియ్యవు, పెంచుతయి.

మెడల ఏస్కునే ఐడీ కార్డు తిరగబడ్తది, ఎన్కకు ఏముంటదో గదే కనబడ్తది. పైంగ వంగినప్పుడు పేషెంట్‌కు తగులుతది. ఎడమ రొమ్ము మీద కుట్టించున్రి, తెలుగుల, అక్షరం ఎత్తు రెండు సెంటీమీటర్లకు తక్కువ ఉండొద్దు. దాని మీద "నర్సింగ్ ఆఫీసర్" అని రాయొద్దు, "నర్సు" అని రాయున్రి. మంచం మీద పన్నోనికి అర్థమయ్యే మాట అది.

పాతకాలం_సిస్టర్
అక్కడ మాత్రం ఆగండి తమ్ముడూ. కేంద్రం 2016లో స్టాఫ్ నర్సు అన్న పేరు తీసి నర్సింగ్ ఆఫీసర్ అని పెట్టింది ఊరికే కాదు. ఎన్నేళ్లో అడిగితే వచ్చిన పేరు అది. మళ్లీ మనమే చెరిపేసుకుంటామా?

వరంగల్_వార్డు
పేరు తీసెయ్యమంట లేనక్కా. పెద్దగ "నర్సు", కింద సిన్నగ "నర్సింగ్ ఆఫీసర్". ఆర్డర్ల మీద పేరు సర్కారు కోసం, ఛాతి మీద పేరు రోగి కోసం.

ఐసీయూ_మంచం_7
రంగుల పట్టిక వార్డు గోడకు కాదు, మంచం పక్కన అతికించండి. నర్సు ఈ రంగు, టెక్నీషియన్ ఈ రంగు, హౌస్‌కీపింగ్ ఈ రంగు, బొమ్మలతో. నాలుగు రంగులు దాటితే ఎవరికీ గుర్తుండవు. డిపార్టుమెంటుకో రంగు పెడుతున్నారు కొన్నిచోట్ల, పన్నెండు రంగులు, అది హోలీ అవుతుంది.

మూడు_పిన్నులు
తెలుపు మీద ప్రేమ గురించి రాశారు, భయం గురించి ఎవరూ రాయలేదు. పన్నెండు గంటల డ్యూటీ, నెలసరి, తెల్లప్యాంటు. ప్రతి గంటకు వెనక్కి తిరిగి చూసుకోవడం, పక్కనున్న అమ్మాయిని అడగడం. స్క్రబ్స్ కావాలనేవాళ్లలో చాలామంది పైకి చెప్పని కారణం ఇదే. కమిటీలో మగవాళ్లు ఎక్కువుంటే మినిట్స్‌లో "సౌకర్యం" అని ఒక్క మాట రాసి దాటేస్తారు. తెలుపే ఉంచాలనుకుంటే కనీసం పైభాగం తెలుపు, ప్యాంటు ముదురు రంగు చేయొచ్చు. లోపల తెల్లబట్ట కాదు, ఒంటిరంగు బట్ట వేసుకోవాలి, తెలుపు కింద తెలుపే ఎక్కువ కనిపిస్తుంది.

చీర సంగతి వేరు. మన ఇళ్లలో తెల్లచీరకు ఉన్న అర్థం అందరికీ తెలుసు. కొత్త కోడలు తెల్లచీరతో గడప దాటితే మొహం చిట్లించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రంగు అంచు పెట్టినా పెద్దగా మారదు. పరిష్కారం రంగు కాదు, ఆసుపత్రిలో తాళం పడే లాకరు, గొళ్లెం ఉన్న డ్రెస్సింగ్ రూము. ఇంటి నుంచి మామూలు బట్టల్లో రావాలి, అక్కడ మార్చుకోవాలి, విప్పినవి అక్కడే వదిలి వెళ్లాలి.

టోపీ మాత్రం ఎవరేమన్నా పోవాల్సిందే. గంజి పెట్టి మడిచి, పిన్నులు గుచ్చి, వారాల తరబడి ఉతకరు. తెర జరిపినప్పుడల్లా, సెలైన్ స్టాండు తగిలినప్పుడల్లా సర్దుకోవడం, ఆ చెయ్యి మళ్లీ పేషెంట్ మీద. దీపం వెలిగించే రోజున కాలేజీలో పెట్టుకుని ఫొటో దిగితే చాలు.

పాతకాలం_సిస్టర్
టోపీ విషయంలో మీతో పోట్లాడను. పేచీ అంతా తెలుపు మీదే.

థియేటర్_బ్రదర్
"సూక్ష్మక్రిములు అంటని స్క్రబ్స్" అని రెట్టింపు ధరకు అమ్మేవాళ్లు వస్తారు, జాగ్రత్త. 2017లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంవాళ్లు 40 మంది ఐసీయూ నర్సులకు మామూలు స్క్రబ్స్, రెండు రకాల మందు పూసిన స్క్రబ్స్ మార్చిమార్చి ఇచ్చి చూశారు. షిఫ్టు చివర బట్టల మీది క్రిముల్లో తేడా రాలేదు. ఆ డబ్బుతో ఇంకో జత కొనండి.

లాండ్రీ_లెక్క
జతల లెక్క ఎవరూ వేయలేదు. వారానికి ఆరు డ్యూటీలు, లాండ్రీ నుంచి తిరిగి రావడానికి రెండు రోజులు అనుకోండి. ఒంటి మీద ఒకటి, లాండ్రీలో రెండు, బీరువాలో ఒకటి, వార్డులో అత్యవసరానికి ఒకటి. ఐదు. మూడు జతలిచ్చి "రోజూ ఉతికినవే వేసుకోవాలి" అని సర్క్యులర్ ఇస్తే అది కాగితం మీదే ఉంటుంది. ఐదో జత ముఖ్యం. ఒంటి మీద వాంతి పడ్డప్పుడు మార్చుకోవడానికి ఏమీ లేక తుడుచుకుని తిరుగుతారు, తెలుపైనా నీలమైనా.

డబ్బు ఎవరిది అన్నది ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ నర్సులకు 2017 జూలై నుంచి యూనిఫాం, ఉతుకు భత్యాలు కలిపి నెలకు 1,800 రూపాయల డ్రెస్ అలవెన్స్ చేశారు. డీఏ (కరువు భత్యం) 50 శాతానికి చేరాక అది 2,250 అయింది. ప్రైవేటులో చాలాచోట్ల మొదటి జీతంలోనే యూనిఫాం డబ్బు కోసేస్తారు. స్క్రబ్స్‌కి మారినప్పుడు పాత తెల్లవాటికి కోసినదాని మీద కొత్తవాటికి మళ్లీ కోస్తే, రంగు ఎంత బాగున్నా నర్సులు మీ వైపు ఉండరు. కమిటీ నోట్‌లో మొదటి పేరా బట్ట గురించి కాదు, లాండ్రీ ఎవరిది, కోత ఉందా లేదా, అది రాయండి.

పాతకాలం_సిస్టర్
లాండ్రీ ఆసుపత్రిదే అయి, ఐదు జతలు ఇచ్చి, ఛాతీ మీద తెలుగులో పేరు కుట్టిస్తే రంగు మీద నా పట్టు కొంచెం సడలిస్తాను. కొంచెమే. కానీ అవేవీ లేకుండా ఊరికే నీలం తొడిగి "ఆధునికం" అంటే ఒప్పుకోను. ఇంట్లో బకెట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతికే నీలం కన్నా ఉడకబెట్టిన తెలుపే నయం.

రెండో_షిఫ్ట్
నోట్‌కి కావాల్సింది దొరికింది. చిన్న సందేహం ఒకటి మిగిలింది: జేబులో పెన్ను కారిన ఇంకు మరకకు వార్డులో చేతులకు రాసుకునే హ్యాండ్ రబ్ రుద్దితే పోతోందంటున్నారు, నిజమేనా?

నీలిమందు
బాల్‌పెన్ను ఇంకు అయితే పోతుంది, అందులో ఉన్న ఆల్కహాల్ వల్ల. జేబు లోపల మడిచిన పాత గుడ్డ పెట్టి, పైనుంచి దూదితో అద్దాలి. రుద్దితే మరక వెడల్పవుతుంది. కానీ హ్యాండ్ రబ్ సీసా వెనక చదవండి, కొన్నింటిలో క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది. దాంతో ఇంకు పోగొట్టి, ఇంటికెళ్లి బ్లీచ్‌లో వేశారంటే జేబు మీద నీలం మచ్చ పోయి గోధుమరంగు మచ్చ వస్తుంది. మామూలు సర్జికల్ స్పిరిట్ వాడండి.